పసిపిల్లల గుండె లయ తప్పితే: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

పిల్లల గుండె జబ్బు అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది గుండెలో రంధ్రం. బిడ్డ ఒళ్ళు నీలంగా మారడం, పాలు తాగలేక రొప్పడం, పెద్ద ఆపరేషన్ చేయించడం, ఇవే మన కళ్ళ ముందు కదులుతాయి. కానీ గుండెలో రంధ్రం లేకపోయినా, కవాటాలు బాగానే ఉన్నా, గుండె కొట్టుకునే తీరులో పుట్టుకతోనే లోపం ఉండవచ్చు. ఇలాంటి పిల్లల్లో చాలామంది చూడటానికి ఆరోగ్యంగా ఉంటారు. ఆడతారు, పాడతారు, బడికి వెళతారు. ఒకరోజు పరుగు పందెంలో కుప్పకూలిపోతారు. దాన్ని మనం ఎండదెబ్బ అనో, నీరసం అనో, ఫిట్స్ అనో అనుకుంటాం. అసలు కారణం గుండెలో ఉందన్న సంగతి కొన్ని కుటుంబాలకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ జబ్బులు అరుదైనవే. అయితే గుర్తిస్తే వీటిలో చాలావాటికి మంచి వైద్యం ఉంది. గుర్తించడానికి మొదట కావలసింది ఖరీదైన యంత్రం కాదు. జరిగింది జరిగినట్టు చెప్పగల తల్లి, ఒక ఇ.సి.జి. చాలు. అందుకే ఈ విషయాన్ని మీతో వివరంగా మాట్లాడాలనుకున్నాము.

గుండెకు కరెంటు ఎక్కడ నుంచి వస్తుంది?

గుండెకు నాలుగు గదులు. పైన రెండు, కింద రెండు. పై గదులు రక్తాన్ని కిందికి పంపుతాయి. కింది గదులు ఆ రక్తాన్ని ఊపిరితిత్తులకు, ఒంటికి పంపుతాయి. పైవి ముందు, కిందివి వెనుక ముడుచుకోవాలి. ఈ వరుసను నడిపేది గుండెలోనే పుట్టే సన్నని విద్యుత్తు.

కుడివైపు పై గదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల ముద్ద ఉంటుంది. దీన్ని 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు కనుగొన్నారు. కరెంటు పుట్టేది ఇక్కడే. అది పై గదులంతా పాకి, పై గదులకూ కింది గదులకూ మధ్యనున్న ఏ.వి. నోడ్ అనే మరో ముద్దకు చేరుతుంది. దీన్ని 1906లో జపాన్ వైద్యుడు తవారా వివరించాడు. అక్కడ కరెంటు రెప్పపాటు కాలం ఆగి, సన్నని తీగలవంటి దారుల గుండా కింది గదులకు వెళుతుంది.

మన ఊరికి కరెంటు వచ్చే పద్ధతి కూడా ఇలాంటిదే. సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు, అక్కడి నుంచి తీగల మీద ఇళ్ళకు వస్తుంది. ఎవరైనా పక్కనుంచి దొంగ తీగ వేసినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా, ఇంటి వైరింగులో లోపం ఉన్నా ఇబ్బందే. పిల్లల గుండె లయ లోపాలను కూడా ఈ మూడు రకాలుగా అర్థం చేసుకోవచ్చు.

నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలి?

పెద్దవారి గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. పిల్లల లెక్క వేరు. అప్పుడే పుట్టిన బిడ్డకు సుమారు 100 నుంచి 160 ఉంటుంది. ఏడాది దాటిన పిల్లలకు కొంత తగ్గుతుంది. పదేళ్ళు దాటేసరికి పెద్దవారి లెక్కకు దగ్గరవుతుంది. ఏడ్చినప్పుడు, పరుగెత్తినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు పెరగడం మామూలే.

ఇంట్లో మీరే లెక్కపెట్టవచ్చు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఎడమవైపు రొమ్ము మీద అరచేయి ఆనించండి. గడియారం చూసుకుంటూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది.

ఇంకొక మాట. పిల్లలు ఊపిరి పీల్చినప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఇది జబ్బు కాదు. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పినట్టు అనిపించడం కూడా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కనిపిస్తుంది. డాక్టరు చూసి ఫరవాలేదంటే భయపడవలసిన పని లేదు.

మొదటి రకం: అదనపు తీగ

కొందరు పిల్లలకు పై గదులకూ కింది గదులకూ మధ్య పుట్టుకతోనే ఇంకో సన్నని దారి ఉంటుంది. కరెంటు సరైన దారిన కిందికి వెళ్ళి, ఈ దొంగ దారిన తిరిగి పైకి వచ్చి, గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు గుండె ఒక్కసారిగా పరుగు అందుకుంటుంది. పసిబిడ్డల్లో నిమిషానికి 220 దాటుతుంది. పెద్ద పిల్లల్లో 180 దాటుతుంది. ఈ పరుగు స్విచ్ వేసినట్టు హఠాత్తుగా మొదలవుతుంది, హఠాత్తుగానే ఆగిపోతుంది. ఇ.సి.జి.లో ఈ అదనపు దారి గుర్తులను 1930లో వుల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు వైద్యులు వివరించారు. అందుకే దీనికి వారి ముగ్గురి పేర్లూ పెట్టారు.

పెద్ద పిల్లలైతే "గుండె దడదడలాడుతోంది", "గొంతులో ఏదో కొట్టుకుంటోంది" అని చెబుతారు. పసిబిడ్డ చెప్పలేదు. పాలు తాగడం మానేస్తుంది. చిరాకుగా ఏడుస్తుంది. పాలిపోతుంది, చెమటలు పడతాయి, రొప్పుతుంది. ఇది గంటల తరబడి సాగితే గుండె అలసిపోయి బిడ్డ ప్రమాదంలో పడుతుంది. కాబట్టి పాలు తాగని బిడ్డ గుండె చేతికి లెక్క దొరకనంత వేగంగా కొట్టుకుంటుంటే తెల్లవారే దాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఆసుపత్రిలో ముందుగా ఐసు నీటిలో తడిపిన బట్టను కొన్ని సెకన్లు బిడ్డ ముఖం మీద ఉంచుతాము. చల్లదనానికి ఒక నరం స్పందించి ఏ.వి. నోడ్‌ను కాసేపు నెమ్మదింపజేస్తుంది. పెద్ద పిల్లలైతే ఊపిరి బిగబట్టి ముక్కమంటాము, లేదా సిరంజిలోకి గట్టిగా ఊదమంటాము. అప్పటికీ ఆగకపోతే అడెనొసిన్ అనే ఇంజెక్షన్ ఇస్తాము. అది కొన్ని సెకన్లలోనే పనిచేస్తుంది. బిడ్డ పరిస్థితి బాగా దిగజారితే కొలత ప్రకారం చిన్న షాకు ఇవ్వవలసి వస్తుంది. కళ్ళు నొక్కితే గుండె నెమ్మదిస్తుందని పాతకాలంలో చేసేవారు. దానివల్ల చూపు దెబ్బతింటుంది, ఎవరు చెప్పినా చేయకండి.

పుట్టిన కొత్తలో ఈ జబ్బు బయటపడిన బిడ్డల్లో చాలామందికి ఏడాది నిండేసరికి పరుగులు తగ్గిపోతాయి. అంతవరకు మందు వాడితే చాలు. కొందరికి పెద్దయ్యాక తిరిగి వస్తాయి. వారికి అబ్లేషన్ అనే చికిత్స ఉంది. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని తీగను గుండెలోకి పంపి, అదనపు దారిని వెతికి, వేడితోగాని చల్లదనంతోగాని దాన్ని మూసివేస్తారు. ఛాతీ కోయనక్కరలేదు. అనుభవమున్న చోట నూటికి 90 మందికి పైగా పిల్లలకు ఇది నయం చేస్తుంది. అత్యవసరం కాకపోతే బిడ్డ 15 కిలోల బరువు దాటేదాకా ఆగడం మంచిది.

రెండవ రకం: మధ్యలో తెగిన తీగ

ఇక్కడ జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పైన పుట్టిన కరెంటు కిందికి చేరదు. కింది గదులు తమంతట తాము నెమ్మదిగా, నిమిషానికి 50, 60 సార్లు మాత్రమే కొట్టుకుంటాయి. దీన్ని పుట్టుకతో వచ్చే హార్ట్ బ్లాక్ అంటారు. సుమారు 15,000 నుంచి 20,000 కాన్పులకు ఒక బిడ్డలో కనిపిస్తుంది. పెద్దవారి గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని వచ్చే "బ్లాకులు" వేరు, ఇది వేరు. పేరు ఒకటే కావడంవల్ల చాలామంది పొరబడుతున్నారు.

గుండె నిర్మాణంలో లోపం లేని బిడ్డల్లో దీనికి ముఖ్య కారణం తల్లి రక్తంలో ఉండే యాంటీ రో, యాంటీ లా అనే పదార్థాలు. ఇవి మావి గుండా గర్భంలోని శిశువుకు చేరి ఏ.వి. నోడ్‌ను దెబ్బతీస్తాయి. లూపస్, షోగ్రెన్ వంటి కీళ్ళవాతపు జబ్బులున్న స్త్రీలలో ఇవి ఉంటాయి. ఏ జబ్బూ లేకుండా ఆరోగ్యంగా కనిపించే తల్లుల్లో కూడా ఉండవచ్చు. బిడ్డకు హార్ట్ బ్లాక్ అని తేలిన తరువాతే తల్లికి తన సంగతి తెలిసిన సందర్భాలున్నాయి. గ్రహణం చూడటంవల్లగాని, తినకూడనిది తినడంవల్లగాని ఇది రాదు. ఇందులో తల్లి తప్పు ఏమీ లేదని ఇంట్లోని పెద్దలు గ్రహించాలి.

ఈ పదార్థాలున్న తల్లులందరి బిడ్డలకూ జబ్బు రాదు. నూటికి ఒకరిద్దరికే వస్తుంది. కానీ ఒక బిడ్డకు వచ్చి ఉంటే తరువాతి కాన్పులో ఆ అవకాశం నూటికి సుమారు 15 నుంచి 20కి పెరుగుతుంది. అందుకే అలాంటి తల్లి మళ్ళీ గర్భం దాల్చగానే చెప్పాలి. 18వ వారం నుంచి 26వ వారం వరకు శిశువు గుండెను స్కానింగులో తరచుగా చూస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర తొలి నెలల నుంచే వాడితే ఈ ప్రమాదం తగ్గుతుందని 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది. ఇది డాక్టరు నిర్ణయించవలసిన విషయం, సొంతంగా వాడకూడదు.

నాడి మరీ నెమ్మదిస్తే, బిడ్డ ఎదగకపోతే, స్పృహ తప్పితే పేస్‌మేకర్ అమర్చాలి. చిన్నబిడ్డలకు దీన్ని పొట్ట కండరాల కింద పెట్టి, తీగలను గుండె పైభాగాన కుడతారు. పెద్ద పిల్లలకు భుజం కింద పెడతారు. బ్యాటరీ చాలా ఏళ్ళు పనిచేస్తుంది. అయిపోయినప్పుడు మార్చాలి. ఈ పిల్లలు బడికి వెళ్ళవచ్చు, ఆడవచ్చు. పరికరం ఉన్నచోట దెబ్బ తగిలే ఆటలు మానాలి. మొబైల్ ఫోన్‌ను ఆ వైపు చొక్కా జేబులో పెట్టకూడదు. ఎం.ఆర్.ఐ. స్కానింగుకు ముందు పేస్‌మేకర్ సంగతి తప్పకుండా చెప్పాలి.

మూడవ రకం: వైరింగులోని లోపం

ఇది అన్నింటికంటే ప్రమాదకరమైనది. అన్నింటికంటే ఎక్కువగా పొరబడేది కూడా ఇదే. గుండె కణాలు ప్రతి దెబ్బ తరువాత తిరిగి చార్జి అవుతాయి. కణాలలోకి, కణాల నుంచి ఉప్పు లవణాలు వచ్చిపోయే సూక్ష్మమైన ద్వారాలు సరిగా లేకపోతే ఈ చార్జి కావడం ఆలస్యమవుతుంది. ఇ.సి.జి. కాగితం మీద క్యూ అనే గీత నుంచి టి అనే గీత చివరి వరకు ఉండే దూరం పెరుగుతుంది. దీన్నే లాంగ్ క్యూ.టి. జబ్బు అంటారు. సుమారు 2,000 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. ఇలాంటి గుండెకు భయంగాని, శ్రమగాని తోడైతే కింది గదులు కొట్టుకోవడం మాని వణుకుతాయి. మెదడుకు రక్తం అందక బిడ్డ పడిపోతాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. చూసినవారికి అచ్చం ఫిట్స్‌లా ఉంటుంది. ఎన్నో ఏళ్ళు ఫిట్స్ మాత్రలు మింగిన తరువాత అసలు జబ్బు బయటపడిన పిల్లలు ఉన్నారు.

తేడా ఎలా తెలుస్తుంది? బిడ్డ పడిపోయినప్పుడు ఏం చేస్తున్నాడన్నదే ముఖ్యం. పరుగెత్తుతూ, ఈత కొడుతూ, కోపంలో, భయంలో, ఫోనుగాని అలారంగాని హఠాత్తుగా మోగినప్పుడు పడిపోతే ముందు గుండెను అనుమానించాలి. చెరువులోనో బావిలోనో ఈత బాగా వచ్చిన పిల్లవాడు మునిగిపోయినా ఇదే అనుమానం రావాలి. ఎండలో చాలాసేపు నిలబడి, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి మెల్లగా పడిపోయే పిల్లలది సాధారణంగా మామూలు నీరసమే.

1957లో జెర్వెల్, లాంగె నీల్సన్ అనే వైద్యులు నార్వేలోని ఒక కుటుంబాన్ని గురించి రాశారు. ఆ ఇంట ఆరుగురు పిల్లలు. నలుగురు పుట్టు చెవిటివారు, నలుగురూ తరచు స్పృహ తప్పేవారు. వారిలో ముగ్గురు చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయారు. నలుగురి ఇ.సి.జి.లోనూ క్యూ.టి. దూరం ఎక్కువగా ఉంది. చెవికీ గుండెకూ ఒకే రకం ద్వారాలు అవసరం కావడంవల్ల రెండూ కలిసి దెబ్బతింటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్టమైన జన్యువులు కలిస్తేనే ఈ రకం వస్తుంది.

ఈ సంగతి మన ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో చెప్పనక్కరలేదు. మేనరికాలు, మేనమామ సంబంధాలు మన కుటుంబాల్లో ఈనాటికీ ఉన్నాయి. ఒకే వంశంలో దాగి ఉన్న లోపం ఇద్దరి నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఇలాంటి పెళ్ళిళ్ళలో పెరుగుతుంది. మేనరికం చేసుకున్న వారందరికీ ఇలా జరుగుతుందని కాదు. కానీ పుట్టు చెవుడు ఉన్న ప్రతి బిడ్డకూ ఒకసారి ఇ.సి.జి. తీయించండి. చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు ముందైతే తప్పనిసరిగా తీయించండి.

లాంగ్ క్యూ.టి. ఉన్న పిల్లలకు ప్రొప్రనొలాల్, నాడొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు ఇస్తారు. ఇవి ప్రతిరోజూ వేయాలి. బాగానే ఉన్నాడు కదా అని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. పసిబిడ్డ ఈ మందు మీద ఉండి, వాంతులతో ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఆయాసం జబ్బు ఉంటే ముందే చెప్పాలి. మందుతో ఆగని కొందరికి ఐ.సి.డి. అనే పరికరం అమరుస్తారు. గుండె ప్రమాదకరంగా వణికినప్పుడు అది లోపలి నుంచే షాకు ఇచ్చి కాపాడుతుంది.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మామూలు మందులే ఈ పిల్లలకు పడవు. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లుకనజోల్, వాంతులకు వాడే డోంపెరిడాన్, ఆండాన్సెట్రాన్, మలేరియాకు వాడే క్లోరోక్విన్ వాటిలో కొన్ని. కాబట్టి జ్వరానికైనా, దగ్గుకైనా ముందు మీ బిడ్డ జబ్బు పేరు చెప్పి, తరువాతే మందు రాయించుకోండి. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లోని పొటాషియం తగ్గి లయ తప్పుతుంది. వెంటనే ఓ.ఆర్.ఎస్. మొదలుపెట్టి ఆసుపత్రికి తీసుకురండి.

ఎలా కనిపెడతాము?

మొదట మేము వివరాలు అడుగుతాము. బిడ్డ ఎప్పుడు పడిపోయాడు, ఏం చేస్తుండగా, ఎంతసేపు, ముఖం పాలిపోయిందా, లేచాక వెంటనే మనిషి అయ్యాడా? మీ బంధువుల్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు, నీళ్ళలో మునిగినవారు, ఫిట్స్ ఉన్నవారు, పుట్టు చెవిటివారు ఉన్నారా? ఈ ప్రశ్నలకు అమ్మమ్మలు, నాయనమ్మలే సరైన జవాబు చెబుతారు. వీలైతే వారినీ వెంట తీసుకురండి. పడిపోయినప్పుడు పక్కన ఎవరైనా ఫోనులో వీడియో తీసి ఉంటే అది ఎంతో ఉపయోగం.

తరువాత ఇ.సి.జి. తీస్తాము. సూది ఉండదు, నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఎకోలో గుండె నిర్మాణం చూస్తాము. దడ అప్పుడప్పుడూ వస్తుంటే, రోజంతా గుండె లయను రాసుకునే హోల్టర్ యంత్రాన్ని ఒంటికి కట్టి పంపుతాము. కొన్ని జబ్బుల్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఇ.సి.జి. మామూలుగానే ఉంటుంది, శ్రమలోనే లోపం బయటపడుతుంది. అలాంటి అనుమానం ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయాలి. కాబట్టి ఒక ఇ.సి.జి. బాగుంది కదా అని అక్కడితో ఆగకండి. పరుగెత్తుతూ పడిపోయిన బిడ్డను పిల్లల గుండె వైద్యునికి చూపించాలి.

ఒక బిడ్డకు లాంగ్ క్యూ.టి. అని తేలితే తల్లి, తండ్రి, తోడబుట్టినవారు అందరూ ఇ.సి.జి. తీయించుకోవాలి. సాధారణంగా కనిపించే రకం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది.

బిడ్డ పడిపోతే ఏం చేయాలి?

మూర్ఛ అనుకుని చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్ళు పోయడం చేయకండి. భుజం తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము మధ్యన అరచేతితో నొక్కాలి. ఛాతీ మందంలో మూడో వంతు లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, బిడ్డ కదిలేవరకు లేదా అంబులెన్సు వచ్చేవరకు ఆపకూడదు. నేర్చుకున్నవారైతే ప్రతి 30 నొక్కులకు రెండుసార్లు నోటి ద్వారా ఊపిరి ఇవ్వాలి. లయ జబ్బున్న బిడ్డ ఇంట్లో కనీసం ఇద్దరికి, బడిలో ఒక టీచరుకు ఇది తెలిసి ఉండాలి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

మా బిడ్డ ఆటలు మానుకోవాలా? అన్ని జబ్బులకూ ఒకే జవాబు లేదు. అబ్లేషన్‌తో నయమైన బిడ్డ సాధారణంగా అందరిలా ఆడవచ్చు. లాంగ్ క్యూ.టి. ఉన్న బిడ్డ ఒంటరిగా ఈతకు వెళ్ళకూడదు. పోటీ ఆటల సంగతి డాక్టరుతో మాట్లాడి నిర్ణయించాలి. భయంతో బిడ్డను గదిలో కూర్చోబెట్టడం మాత్రం వైద్యం కాదు.

ఆడపిల్ల కదా, పెళ్ళికి అడ్డమని దాచిపెట్టవచ్చా? దాచడంవల్ల మందు మానేయవలసి వస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే. లాంగ్ క్యూ.టి. ఉన్న స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా కాన్పు తరువాతి నెలల్లో మందు తప్పక వాడాలి. అత్తవారికి తెలిసి ఉండటమే ఆమెకు రక్షణ.

ఖర్చు భరించలేము, ఏం చేయాలి? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద చాలా గుండె చికిత్సలు ఉన్నాయి. పథకం వర్తించే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి మీ కార్డు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షిస్తారు. ఆ బృందం వచ్చినప్పుడు బిడ్డ పడిపోయిన సంగతి చెప్పండి.

వెంటనే రావలసినవి

పాలు తాగని పసిబిడ్డ గుండె చాలా వేగంగా లేదా చాలా నెమ్మదిగా కొట్టుకున్నప్పుడు, శ్రమలోగాని భయంలోగాని బిడ్డ స్పృహ తప్పినప్పుడు, దడతోపాటు ఆయాసంగాని ఛాతీ నొప్పిగాని వచ్చినప్పుడు, పేస్‌మేకర్ ఉన్న చోట వాపు, ఎరుపు కనిపించినప్పుడు ఆలస్యం చేయకండి.

అలాగే మీ కుటుంబంలో ఎవరైనా చిన్నవయసులో ఏ కారణమూ తెలియకుండా హఠాత్తుగా చనిపోయి ఉంటే, ఆ దుఃఖాన్ని కదిలించడం కష్టమే అయినా, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మిగిలిన పిల్లలకు ఒక్క ఇ.సి.జి. తీయించండి. పాత ఇ.సి.జి. కాగితాలు ఉంటే పారేయకండి. వాటిని ఫోటోకాపీ తీయించి దాచుకోండి, ఎందుకంటే ఆ అచ్చు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది. వచ్చేటప్పుడు వాటిని, వాడుతున్న మందులను ఒక సంచిలో వేసుకుని వెంట తీసుకురండి.